అరవై ఆరు మీద మా వంపు

6 ఏప్రిల్ 2026, సోమవారం

వంపు దగ్గర ఆగినవాళ్లు పద్నాలుగు. ఫొటో తీసుకున్నవాళ్లు పద్నాలుగు. బాత్రూమ్ అడిగినవాళ్లు ముగ్గురు. లేదన్నాను.

ఈ లెక్కకు వంటింటి కిటికీ గట్టు మీద వేరే నోట్‌బుక్ ఉంది. పంతొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. రాయ్స్ చూసి నవ్వుతాడు. మన పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో నేను లెక్క రాయనిది నీ నవ్వొక్కటే అన్నాను. అది కూడా రాయి, మొగుడు ఇంకా బతికే ఉన్నాడని తెలుస్తుంది అన్నాడు.

ఈ ఏడు అరవై ఆరో నంబరు రోడ్డుకు నూరేళ్లట. జనం మిడతల దండులా దిగుతున్నారు. షికాగో నుంచి పసిఫిక్ సముద్రం దాకా ఊరికీ ఊరికీ మధ్య ఉన్న మట్టి బాటలను కలిపి 1926లో ఎవరో ఆఫీసులో కూర్చుని ఒక నంబరు ఇచ్చారు. ఊళ్లు అంతకుముందే ఉన్నాయి. మట్టి అంతకుముందే ఉంది. పుట్టినరోజు చేస్తున్నది నంబరుకు.

మా కల్వర్ ఊరి చుట్టుపక్కల పొలాలన్నీ చదరాలు. రోడ్డు వేసేటప్పుడు తన చదరం మధ్యలోంచి అడ్డంగా పోనిస్తానని ఒక్క రైతూ అనలేదు. అందుకని రోడ్డు పొలం గట్టు వెంటే వచ్చి, మా ఇంటి ముందు లంబకోణంలో తిరుగుతుంది. గంటకు అరవై మైళ్ల వేగంతో వచ్చిన కారు అలా తిరగదు. ఇరవై ఏడు మంది పోయారు. చివరివాడు మా డెల్ అన్నయ్య. 1982 సెప్టెంబరు 18. అన్నయ్యకు పంతొమ్మిదేళ్లు, నాకు పది.

నెల తిరగకుండా అమ్మ అక్కడ ఇనుప పైపులతో సిలువ చేయించి నాటింది. తెల్ల పెయింట్ వేసింది. మరుసటి జూన్‌లో కొత్త ఇంటర్‌స్టేట్ హైవే తెరిచారు, కార్లన్నీ అటు మళ్లాయి. ఆ తరువాత మా రోడ్డు మీద చావడానికి కూడా ఎవరూ రాలేదు.

ఈ రోడ్డంటే నాకు పడదు. మర్యాదకు ఇంకోలా రాయనక్కర్లేదు, ఇది డైరీ.


9 ఏప్రిల్, గురువారం

తొమ్మిది మంది. వెర్లిన్‌ని కలపలేదు.

వెర్లిన్ స్టౌట్ అన్నయ్య స్నేహితుడు. అన్నయ్య కంటే ఏడాది చిన్న. వాళ్ల నాన్న పెట్రోల్ బంకును షాపుగా మార్చి, నలుపూ తెలుపూ అరవై ఆరు బొమ్మ వేసిన కప్పులు, టోపీలు, బనీన్లు అమ్ముతాడు. నూరేళ్ల కమిటీకి తనే చైర్మన్. ఇంటి మెట్ల దగ్గర నిలబడి, ఏం పిచ్చికా, ఇంకా మనుషుల్ని లెక్కపెడుతున్నావా, నన్ను కూడా రాశావా అన్నాడు. పిచ్చిక అన్నది అన్నయ్య పెట్టిన పేరు. ఊళ్లో ఇంకా అలా పిలిచేవాడు ఇతనొక్కడే. నాకు ఒళ్లు మండుతుంది.

రాశాను, మనుషుల కింద కాదు అన్నాను.

నవ్వాడు. టోపీ తీశాడు. టోపీ తీశాడంటే ఏదో అడగబోతున్నాడు. మే 25న వంపు దగ్గరే ఉత్సవం మొదలుపెడతారట. పాత కార్లు వరసగా వస్తాయట, టీవీ వాళ్లు వస్తారట. సిలువను తీసి చర్చి లాన్‌లో పెడదామని కమిటీ అనుకుంటోందట. అక్కడైతే చక్కగా నీడలో ఉంటుంది, పువ్వులు వేయిస్తాం, పేరుతో ఇత్తడి పలక వేయిస్తాం, నీకూ పెయింట్ శ్రమ తప్పుతుంది అన్నాడు.

సిలువకు నీడ ఎందుకు, ఎండదెబ్బ తగులుతుందా అని అడిగాను.

అది కాదు పిచ్చికా, ఊరు బతకాలి కదా, జనం సంతోషం కోసం వస్తారు, వచ్చీ రాగానే చావు కనపడితే ఎలా అన్నాడు.

మే 25 ఏం రోజో తెలుసా అన్నాను. తల వంచుకున్నాడు. తెలుసు. ప్రభుత్వం దాన్ని మెమోరియల్ డే అంటుంది. ఓక్లహోమాలో పుట్టిన మా అమ్మకు అది డెకొరేషన్ డే. సమాధులు కడిగే రోజు. సిలువకు పెయింట్ వేసే రోజు.

మే 12న ఊరి మీటింగులో ఓటు పెడతారట. వచ్చి నీ మాట కూడా చెప్పు అన్నాడు. చెబుతాను.


14 ఏప్రిల్, మంగళవారం

పదకొండు. ఒకాయన మోకాళ్ల మీద వంగి రోడ్డును ముద్దు పెట్టుకున్నాడు. నిన్న అక్కడే ఆవులు నడిచాయి.


19 ఏప్రిల్, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక డెకొరేషన్ డే జాబితా రాశాను. ప్రతి ఏడూ ఇదే. తుప్పు గీకడానికి వైరు బ్రష్. తెల్ల ఆయిల్ పెయింట్. ఐరిస్ పువ్వులు, అమ్మకూ నాన్నకూ అన్నయ్యకూ. వెర్లిన్‌కు పై ముక్క.

పై సంగతి అమ్మతో మొదలైంది. అన్నయ్య పోయిన మరుసటి ఏడాది డెకొరేషన్ డే నాడు అమ్మ మజ్జిగా చక్కెరా పోసి కాల్చే బటర్‌మిల్క్ పై చేసి, ఒక పెద్ద ముక్క మంచి ప్లేటులో పెట్టి నా చేతికిచ్చింది. వెర్లిన్‌కు ఇచ్చి రా, అతను తినేదాకా నిలబడు, ఖాళీ ప్లేటు తీసుకునే రా అంది. నీలం అంచు ప్లేటు. అమ్మ పెళ్లి నాటిది. అందుకే జాగ్రత్త చెబుతోందనుకున్నాను.

వెర్లిన్ కూర్చునేవాడు కాదు. పెట్రోల్ పంపు పక్కన నిలబడి, నా వైపు చూడకుండా తినేవాడు. స్నేహితుడు గుర్తొస్తున్నాడనుకునేదాన్ని. మా అమ్మ మనసు ఎంత గొప్పదో అనుకునేదాన్ని. అమ్మ పోయి మూడేళ్లయింది. నేను మానలేదు. జాబితాలో ఉన్నది మానడం నాకు చేతకాదు.

నాన్న మాత్రం ఒక్క ఏడాది కూడా సిలువ దగ్గరికి రాలేదు. మేము పెయింట్ వేస్తుంటే, దెబ్బతిన్న కార్లు లాగే తన రెకర్ బండిలో కూర్చుని అటు తిరిగేవాడు. ఊళ్లో ఏ కారు గుద్దుకున్నా మనుషులు ముందు పోలీసులకు కాదు, ఆర్లిస్‌కు ఫోన్ చేసేవాళ్లు. ఆర్లిస్ అంటే మా నాన్న. ముప్పై ఏళ్లు విరిగిన కార్లు లాగాడు. కొడుకు సిలువ వైపు చూడలేనంత బండ మనిషి అయ్యాడనుకున్నాను. ఆయన చచ్చేదాకా ఆ కోపం పోలేదు.


26 ఏప్రిల్, ఆదివారం

ఇరవై రెండు.

ఏప్రిల్‌లోనే మూడు వందలు దాటారు, ఎందుకొచ్చారని ఒక్కరినీ అడగలేదు, ఇదేం లెక్క అని రాయ్స్ అన్నాడు. సరే, ఇవాళ అడిగాను. బెల్జియం నుంచి వచ్చిన అరవై ఏళ్లావిడ. భర్త చనిపోయాడట, అతను పటం మీద గీసి పెట్టుకున్న దారిలో ఒక్కతే కారు తోలుకుని వస్తోందట.

ఈ విరిగిన కాంక్రీటులో ఏముందమ్మా అన్నాను. ఇక్కడ నేను చెయ్యి ఊపితే ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఊపుతున్నారు అంది. మీ దేశంలో ఊపరా అన్నాను. పెద్ద రోడ్ల మీద మనిషికి మనిషి కనపడడు కదా అంది. తరువాత సిలువ చూసి, మీ వాళ్లా అని అడిగింది. అన్నయ్య అన్నాను. మరి మీకు ఈ రోడ్డంటే కోపం లేదా అంది.

బాత్రూమ్ వాడుకోమన్నాను. ఎందుకన్నానో తెలియదు. వెళ్తూ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. రెండుసార్లు.

కోపం ఉంది.


2 మే, శనివారం

గరాజ్‌లోంచి నాన్న రెకర్ పుస్తకాలు దింపించాను. తొమ్మిది. 1949లో తాతయ్య మొదలుపెట్టాడు, 1951 నుంచి నాన్న. నాన్న పేరే గాని రాత అంతా అమ్మది. ఆయన బూట్లు విప్పుతూ చెబుతుంటే అమ్మ టేబుల్ దగ్గర రాసేది. తేదీ, గంట, చోటు, కారు, ఏ రాష్ట్రం నంబరు, దెబ్బలు, చావులు, పేర్లు. చివర రెండు గడులు, బండి బయల్దేరినప్పుడు మీటరు, తిరిగొచ్చినప్పుడు మీటరు. నాకు తీసివేత నేర్పింది ఆ గడుల మీదే.

వంపు దగ్గర పోయిన ఇరవై ఏడు మంది పేర్లూ మీటింగులో చదువుతాను. చరిత్ర, చరిత్ర అంటున్నారు కదా. వినండి.


6 మే, బుధవారం

పంతొమ్మిది మంది పేర్లు దొరికాయి.

1949, మూడు కుర్చీలు, ఒక పరుపు, కుట్టు మిషను కట్టుకుని కాలిఫోర్నియా పోతున్న ట్రక్కు. అందులోని తల్లి పోయింది. 1953, ఇండియానా నుంచి కొత్తగా పెళ్లయిన జంట, కొత్త బ్యూయిక్ కారు, పెళ్లి గుర్తుగా వెనక కట్టిన డబ్బాలు ఇంకా అలాగే ఉన్నాయని అమ్మ రాసింది. 1956, బైబిళ్లు అమ్ముకునే ఆయన. 1961, పుచ్చకాయల లారీ. రోడ్డంతా ఎర్రగా ఉందట. ఏది పుచ్చకాయో ఏది కాదో తెలియలేదు అని నాన్న అన్నమాట ఉన్నదున్నట్టు రాసింది. 1968, సెలవు మీద ఇంటికొస్తున్న సైనికుడు. వియత్నాంలో పదకొండు నెలలు బతికి, మా ఇంటి ముందు పోయాడు.

వెర్లిన్ బనీన్ల మీద వీటిలో ఒక్కటీ లేదు.

ట్వైలా ఫోన్ చేసింది. కమిటీలో ఉంది, మిల్క్‌షేకుల కొట్టు తనదే. నువ్వు శవాల లిస్టు తయారుచేస్తున్నావట, సిలువ చూశాక ఎవడైనా స్ట్రాబెర్రీ షేక్ తాగుతాడా, కాస్త మా పొట్టలు కూడా చూడవే తల్లీ అంది. నీ షేక్ తాగినవాళ్లకు సిలువ దగ్గర్లో ఉండటమే మంచిదన్నాను. ఫోన్ పెట్టేసింది.


9 మే, శనివారం, ఉదయం 10:20

ఆఖరి పుస్తకం. ఆఖరి పేరు.

1982 సెప్టెంబరు 18. సాయంత్రం 6:40. చోటు: వంపు. తెల్ల పికప్, టెక్సస్ నంబరు. చావులు: 1. పేరు గడిలో అమ్మ డెల్బర్ట్ అని పూర్తిగా రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే ఉన్నాయి.

అలవాటు కొద్దీ మీటరు అంకెలు తీసివేశాను. మొదటి ఇరవై ఆరుగురి వరసలకూ తీసినట్టే. మా షెడ్డు నుంచి వంపుకు వెళ్లి రావడానికి 0.4 మైలు. దాదాపు ప్రతిసారీ 0.4. ఒక్కసారి మాత్రం 0.5, ఆ రోజు కారు కాలవలో పడింది.

బయల్దేరినప్పుడు 61,208.4. తిరిగొచ్చినప్పుడు 61,222.8.

పద్నాలుగు మైళ్ల పైన.

10:50

మళ్లీ తీశాను. 14.4.

2:15

అమ్మ పొరపాటున రాసిందని రాయ్స్ అన్నాడు. ఆ రోజు చెయ్యి ఎలా ఆడుతుంది, పాపం అన్నాడు. దాని కింది వరస చూపించాను. సెప్టెంబరు 23, బండి బయల్దేరింది 61,222.8 దగ్గర. పొరపాటు కాదు. బండి ఆ పద్నాలుగు మైళ్లూ తిరిగింది.

ఇంటి నుంచి ఏడు మైళ్లు పోయి రావడం. తూర్పుగా ఏడు మైళ్లలో అప్పుడు ఏముంది అని రాయ్స్‌ను అడిగాను. ఏముంది, ఇంటర్‌స్టేట్ పని జరుగుతుండేది అన్నాడు. అని పుస్తకం తన వైపు లాక్కున్నాడు.


10 మే, ఆదివారం

మదర్స్ డే. అమ్మ సమాధి మీద పువ్వులు పెట్టి, ఏమీ అడగకుండా వచ్చేశాను. లెక్క వేయలేదు. ఎంతమంది ఆగారో తెలియదు.


11 మే, సోమవారం

పుస్తకం చంకలో పెట్టుకుని వెర్లిన్ షాపుకు వెళ్లాను. కౌంటర్ మీద కప్పులు పక్కకు జరిపి, పేజీ తెరిచి, తీసెయ్ అన్నాను.

ఏంటి పిచ్చికా పొద్దున్నే అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చూశాడు. తీసివేయలేదు. తలుపు దగ్గరికెళ్లి, మూసి ఉంది అన్న బోర్డు తిప్పి వచ్చాడు. నీకు ఎప్పటికో అప్పటికి తెలుస్తుందనుకున్నా, మీ అమ్మ పోయాక ఇక తెలియదులే అనుకున్నా అన్నాడు. కూర్చోలేదు. చెప్పినంతసేపూ నిలబడే ఉన్నాడు.

కొత్త ఇంటర్‌స్టేట్ అప్పటికి తెరవలేదు. కాంక్రీటు ఆరింది, గీతలు పడలేదు. సాయంత్రాలు కుర్రాళ్లు అడ్డం పెట్టిన పీపాలు జరిపి దాని మీద పందేలు వేసుకునేవాళ్లట. అద్దంలా ఉండేది పిచ్చికా, ఒక్క వంపు లేదు, అంత తిన్నని రోడ్డు మా జన్మలో చూడలేదు అన్నాడు. డెల్ పికప్ తెచ్చాడు. ఒక్కసారి నేను తోలతానని వెర్లిన్ బతిమాలాడట. డెల్ నవ్వి తాళాలిచ్చాడట. మూడు బీర్లు తాగాను అన్నాడు. నాలుగు అన్నాడు మళ్లీ. పొద్దు వాలింది, ఎండ కళ్లలో కొడుతోంది, రోడ్డు మీద పనివాళ్లు వదిలేసిన, నేల చదును చేసే గ్రేడర్ ఉంది. డెల్ వైపు తగిలింది.

అక్కడి నుంచి ఒక ఇంటికి పరుగెత్తి ఫోన్ చేశాడు. అంబులెన్సుకు కాదు, పోలీసులకు కాదు. మా నాన్నకు. ఏం చేయమంటావు, కారు గుద్దితే ఆర్లిస్‌కు చెయ్యాలి, మాకు తెలిసింది అదే అన్నాడు.

నాన్న వచ్చి చూశాడు. ఎవరి బండో చూశాడు. పికప్ చుట్టూ ఒకసారి తిరిగాడట. తరువాత, ఒకడు పోయాడు, రెండోవాణ్ని జైలుకిస్తే వాడు లేచొస్తాడా, ఇంటికి పో, నువ్వు ఈ బండిలో లేవు అన్నాడట. గ్రేడర్‌కు అంటిన తెల్ల రంగు కత్తితో గీకేశాడట. మరి డెల్ ఎక్కడ దొరికాడని చెబుతారు అని వెర్లిన్ ఏడిస్తే, వంపు దగ్గర, అది ఇరవై ఆరుగుర్ని తిన్నది, ఇరవై ఏడోవాడి గురించి ఎవడూ అడగడు అన్నాడట.

పికప్‌ను వెనక కట్టుకుని, అన్నయ్యను రెకర్‌లో ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని, ఏడు మైళ్లు తెచ్చాడు మా నాన్న.

ఇదంతా నేను కప్పుల మీద బొమ్మలు చూస్తూ విన్నాను.

అమ్మకు తెలుసా అని అడిగాను.

నవ్వాడు. ఆ నవ్వు రాయడం నాకు రాదు. మీ నాన్న నన్ను క్షమించాడు పిచ్చికా, మీ అమ్మ కాదు అన్నాడు. పాతిపెట్టిన రెండు వారాలకు అమ్మ బంకుకు వచ్చిందట. నువ్వు రోజూ ఇంటి నుంచి పనికి ఏ దారిన వస్తావు అని అడిగిందట. వంపు దారినే అన్నాడట. అమ్మ తిరిగి వెళ్లిపోయిందట. మూడు రోజులకు అక్కడ సిలువ లేచింది.

వేరే దారి ఉంది కదా అన్నాను. ఉంది, పన్నెండు మైళ్లు చుట్టు, వారం రోజులు అలాగే వచ్చా, ఎనిమిదో రోజు మీ అమ్మ బంకు దగ్గర నిలబడి ఉంది, ఈ మధ్య ఆలస్యంగా వస్తున్నావేం బాబూ అని అడిగింది, ఆ మర్నాటి నుంచి వంపు దారినే వస్తున్నా అన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నలభై నాలుగేళ్లు. నువ్వు ఆగినవాళ్లను లెక్కపెడతావు, ఆగకుండా పోయేవాణ్ని ఎప్పుడైనా రాశావా అన్నాడు.

మరి పై అన్నాను.

నాకు బటర్‌మిల్క్ పడదు పిచ్చికా, చిన్నప్పటి నుంచీ పడదు, డెల్‌కు తెలుసు, మీ అమ్మకూ తెలుసు అన్నాడు. అది డెల్‌కు ఇష్టమైన పై. ప్లేటు డెల్ రోజూ తినే ప్లేటు. ఖాళీ అయిందని నువ్వు వెళ్లి మీ అమ్మకు చెప్పాలి అన్నాడు.

అది అన్నయ్య ప్లేటని నాకు గుర్తే లేదు.

ఈ రోడ్డును ఇంతగా నెత్తికెత్తుకున్నావెందుకు మరి అన్నాను. గోడల నిండా వేలాడుతున్న అరవై ఆరు బొమ్మల వైపు చూశాడు. నా తప్పు అది మోసింది, నేను దాన్ని మోయనా అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, సిలువ తీయించెయ్, అరవై రెండేళ్లొచ్చాయి, చాలు అన్నాడు.

పుస్తకం తీసుకుని వచ్చేశాను.


12 మే, మంగళవారం, మధ్యాహ్నం

రాయ్స్‌కు చెప్పాను. షెరిఫ్ దగ్గరికి పోదామా అన్నాడు. నలభై నాలుగేళ్ల తరువాత షెరిఫ్ ఏం తీసివేస్తాడు అన్నాను. వదిలెయ్, వాడూ ముసలాడయ్యాడు, వంగి బూటు తాడు కట్టుకోలేడు అన్నాడు. మా నాన్న అన్నదీ ఇంచుమించు అదే.

ఈ రోడ్డును నలభై నాలుగేళ్లు తిట్టాను. అది అన్నయ్యను చంపలేదు. దానికి క్షమాపణ చెప్పాలి. చెప్పను. ఇరవై ఆరుగురికి అది ఇంకా జవాబు చెప్పాలి.

మీటింగు తరువాత

హాలు నిండింది. మడత కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకున్నారు. నన్ను పిలిచారు. పేర్లు చదివాను. పరుపు ట్రక్కు తల్లి నుంచి మొదలుపెట్టి ఇరవై ఆరు. ట్వైలా కూడా పుచ్చకాయల లారీ దగ్గర ముక్కు తుడుచుకుంది. ఇరవై ఏడో పేరు కోసం అందరూ నా వైపే చూస్తున్నారు. చదవలేదు. కాగితం మడిచాను.

సిలువ ఎక్కడుండాలో చైర్మన్ గారే చెప్పనీయండి, డెల్‌కు ఆయన కంటే దగ్గరి స్నేహితుడు లేడు అన్నాను.

వెర్లిన్ మైకు దగ్గరికి వచ్చాడు. నన్ను చూశాడు. నా ఒళ్లో పుస్తకం ఉంది, మూసే ఉంది. ఆ క్షణంలో నేను తెరుస్తానో లేదో నాకూ తెలియదు. అతనికీ తెలియదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అదేంటి వెర్లిన్, చర్చి లాన్ అన్నావు కదా, చెప్పవేం అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అక్కడే ఉండనీయండి అన్నాడు.

మరి టీవీ వాళ్లో అని ట్వైలా లేచింది. అక్కడే ఉండాలి అన్నానా, చేతులెత్తండి అన్నాడు. ఎత్తారు. అతని చెయ్యి అందరికంటే ముందు లేచింది.

బయట కారు దగ్గర నా పక్కకు వచ్చి, చెప్తావా ఎప్పటికైనా అని అడిగాడు. జాబితాలో లేదు అన్నాను.


16 మే, శనివారం

ఇంటర్‌స్టేట్ మీద తూర్పుగా ఏడు మైళ్లు వెళ్లాను. ఎన్నో వందలసార్లు కిరాణా కోసం ఆ చోటు మీదుగా పోయాను. గంటకు డెబ్భై అయిదు మైళ్ల వేగంతో, రేడియో వింటూ.

పక్కకు తీసి ఆపాను. ఒక్కో లారీ పోతుంటే కారు ఊగిపోతోంది. తలుపు తెరవడానికే వీలులేదు. ఎక్కడని చూడను. అంతా ఒకటే కాంక్రీటు, ఒకటే గడ్డి, ఒకటే కంచె. నాలుగు నిమిషాలకు హైవే పోలీసు వెనకొచ్చి ఆగాడు. కుర్రవాడు. కారు పాడయిందా ఆంటీ అన్నాడు. లేదన్నాను. ఒంట్లో బాగాలేదా అన్నాడు. లేదన్నాను. మరైతే ఇక్కడ ఆగకూడదండీ, ఇది ఆగే చోటు కాదు అన్నాడు.

అమ్మ ఇక్కడ నాటి ఉంటే మర్నాడే పీకేసేవారు. అమ్మకు ఆ సంగతి కూడా తెలుసు.

తిరిగొస్తూ వంపు దగ్గర ఆపాను. దిగాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక మోటార్‌సైకిల్ జంట పోతూ చెయ్యి ఊపింది.


25 మే, సోమవారం, డెకొరేషన్ డే

తుప్పు గీకాను. తెల్ల పెయింట్ వేశాను. ఈ ఏడు రెండు పూతలు.

పాత కార్లు వచ్చాయి. బ్యాండు వచ్చింది. వంపు దగ్గర ఆగినవాళ్లు రెండు వందల ముప్పై ఒక్కరు, నన్ను కలుపుకుని. ఆగకుండా పోయినవాడు ఒకడు.

పై తీసుకెళ్లాను. షాపు నిండా జనం. వెర్లిన్ నిలబడి తిన్నాడు. నేను నిలబడి చూశాను.

ప్లేటు తెచ్చుకున్నాను.